నెలవంక చాటున శుక్రుడు: ఒక ఛాయాచిత్రం నేర్పిన పాఠం

2023 మార్చి 24వ తేదీ, శుక్రవారం. ఉగాది గడచి రెండు రోజులైనది. మన ప్రాంతంలో రంజాన్ మాసపు తొలి ఉపవాసం ఆనాడే. మగ్రిబ్ నమాజు ముగించుకొని బయటికి వచ్చిన వారు, ఏలూరు రోడ్డు మీద పోతున్న వారు, గవర్నర్‌పేట సందులలో మేడలెక్కిన వారు, అందరూ పడమటి వైపే చూస్తూ నిలబడిపోయారు. ముందునాటి సాయంకాలం హిలాల్ కొరకు కన్నులు చికిలించి వెదకిన ఆకాశంలోనే, ఆనాడు నెలవంక కొంత పెరిగి, దాని అడుగున శుక్రుడు దీపం వ్రేలాడదీసినట్లు వెలుగుతున్నాడు. శుభసూచకమని కొందరు, అరిష్టమని మరికొందరు, మహిమ అని ఇంకొందరు అన్నారు. “సార్, ఇది ఏమిటి?” అని మా విద్యార్థులు మమ్ములను అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం, దానితోబాటు ఆ దృశ్యాన్ని ఛాయాచిత్రంగా నిలుపుకొనుటలోని కష్టం, ఆ చిత్రం విషయమై మాలో మాకు కలిగిన ఒక వివాదం – ఈ మూడూ ఈ వ్యాసంలోని విషయాలు.

చంద్రుడు నక్షత్రాల నడుమ పడమటి నుండి తూర్పునకు నడుస్తాడు. గంటకు సుమారు తన వెడల్పంత దూరం జరుగుతాడు. గ్రహాలు కూడ ఇంచుమించు అదే బాటలో ఉండుటచేత అప్పుడప్పుడు వాటి ప్రక్కగా పోతాడు; ఎప్పుడో గాని సరిగా వాటి ముందుగా పోడు. గ్రహాలు చంద్రునితో కలియుటను సూర్యసిద్ధాంతం ‘సమాగమం’ అన్నది. వెయ్యేండ్ల క్రిందట కైరో నగరంలో ఇబ్న్ యూనుస్ గ్రహముల కలయికలను తేదీలతో సహా తన గ్రంథంలో నమోదు చేశాడు. చంద్రుడు గ్రహాన్ని పూర్తిగా కప్పివేసినచో దానిని ఆచ్ఛాదనం అనవచ్చును. సూర్యగ్రహణం కూడ ఈ కుటుంబానికి చెందినదే.

అట్లయితే ఇది నెలనెలా ఎందుకు జరుగదు? చంద్రుని కక్ష్య భూకక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నది. అందుచేత చాలసార్లు చంద్రుడు గ్రహానికి పైగానో క్రిందుగానో సాగిపోతాడు. మరొక కారణం మనం నిలిచిన చోటు. ముఖానికి ఎదురుగా వేలు నిలిపి, ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వెనుక గోడ మీద వేలు చోటు మారినట్లు కనబడుతుంది. చంద్రుడు మనకు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు. భూమికి ఆ కొసన ఉన్నవానికీ ఈ కొసన ఉన్నవానికీ చంద్రుని స్థానంలో అతని వెడల్పుకు మూడు రెట్లకు మించిన తేడా కనబడుతుంది. కాబట్టి ఒక ఊరిలో గ్రహం మరుగుపడితే మరొక ఊరిలో ప్రక్కనే నిలిచి ఉంటుంది. రెండు చోట్లా మరుగుపడినా వేళలు కలియవు. వేరొక నగరానికి కట్టిన వేళ విజయవాడకు పనికిరాదు.

ఆనాటి సమాగమంలో ఒక విచిత్రం ఉన్నది. పెరిగే చంద్రునికి వెలుగు పడమటి అంచున ఉంటుంది. ముందుకు సాగేది చీకటి అంచు. మధ్యాహ్నం దాటి, ఇంకా ఎండ ఉండగానే, నాలుగు ఐదు గంటల నడుమ శుక్రుడు ఆ చీకటి అంచు వెనుకకు పోయాడు. పగటి వెలుగులో చంద్రుని చీకటి భాగం మన కంటికి ఆకాశంలో కలిసిపోతుంది గనుక, దుర్భిణిలో చూచేవానికి శుక్రుడు నెలవంకకు ఇంకా దూరాన ఉండగానే శూన్యంలో కరగిపోయినట్లు తోస్తుంది. నక్షత్రం అయితే రెప్పపాటులో ఆరిపోతుంది. చంద్రునికి చెప్పుకోదగిన వాతావరణం లేదనుటకు అదొక నిదర్శనం. శుక్రుడు చిన్న బింబం గనుక మరుగుపడుటకు అర నిమిషమో అంతకు కొంచెం ఎక్కువో పడుతుంది. సూర్యాస్తమయానికి ముందే అతడు వెలుగు అంచున తిరిగి బయటపడ్డాడు. ఊరంతా చూచినది ఆ తరువాతి దృశ్యం మాత్రమే. అసలు నాటకం తెర దిగిన పిమ్మట మనం తలలెత్తాము!

ఇక ఛాయాచిత్రం మాట. కటకపు నాభ్యంతరాన్ని సుమారు 110తో భాగిస్తే చంద్రబింబపు పరిమాణం వస్తుంది. 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే చంద్రుడు మూడు మిల్లీమీటర్లకు లోపే. ఆనాటి శుక్రుడు చంద్రుని వెడల్పులో సుమారు 140వ వంతు. అనగా చిత్రంలో అతడొక చుక్క. పైగా భూభ్రమణం వల్ల ఒక్క సెకనులో శుక్రుడు తన వెడల్పుకు మించి జరుగుతాడు. కాబట్టి కెమేరాను స్టాండు మీద బిగించి, సెకనులో నూరో వంతు వంటి స్వల్పకాలం మాత్రమే తెరువవలెను.

కాంతి విషయంలోనూ చిక్కు ఉన్నది. శుక్రుడు సూర్యునికి దగ్గరివాడు, తెల్లని మేఘాలు కప్పుకొన్నవాడు. అతని తలం పున్నమి చంద్రుని తలం కంటె పది రెట్లకు పైగా ప్రకాశవంతం. శని సూర్యునికి దూరస్థుడు గనుక అతని తలం చంద్రుని తలంలో ఇరవయ్యో వంతు వెలుగైనా ఉండదు. ఒకే చిత్రంలో చంద్రునికి తగిన వెలుగు ఇస్తే శని మాయమవుతాడు. శనికి తగినట్లు ఇస్తే చంద్రుడు తెల్లని మచ్చ అవుతాడు. 2024 జూలై 25 తెల్లవారుజామున చంద్రుడు శనిని కప్పినప్పుడు మన దేశంలో పలువురు ఈ కష్టమే పడ్డారు. మాకు ఆ కష్టం కూడ దక్కలేదు. వర్షాకాలపు మబ్బు చంద్రునే కప్పివేసింది.

శుక్రునినాడు మేము చేసిన తప్పులను దాచము. అసర్ నమాజు తరువాత నలుగురు విద్యార్థులతో మేడ మీదికి చేరాము. సూర్యుడు ఇంకా పైననే ఉన్నాడు. దుర్భిణి పొరపాటున సూర్యుని వైపు తిరిగితే కన్ను పోతుంది గనుక నీళ్ల ట్యాంకు నీడలో నిలిచాము. ఇంత జాగ్రత్త పడియు, కెమేరాను తనంత తానే దృష్టి సరిచేసుకొనేటట్లు వదలివేశాము. ఖాళీ ఆకాశంలో అది దేనినీ పట్టుకొనలేక తడబడినది. దానిని చేతితో సరిచేసేలోగా శుక్రుడు వెళ్ళిపోయాడు! మాకు దక్కినది ఇఫ్తార్ తరువాత తీసిన ఒకే ఒక్క చిత్రం. నెలవంక కొంచెం చెదిరినది. శుక్రుడు చుక్కగా మిగిలాడు. దాని వెనుక తేదీ, గంట, నిమిషం, స్థలం వ్రాయించాము.

మరునాడు వారిలో ఒక విద్యార్థి తన ఫోనులో మరొక చిత్రం చూపినాడు. ఎవరు తీసినదో తెలియదు, ఎందరో పంపుకొన్నది. నెలవంక రెండు కొమ్ముల నడుమ నక్షత్రం ధగధగ మెరుస్తున్నది. “సార్, పత్రికలో ఇది వేద్దాము. మనది మసకగా ఉన్నది. ఇది చూస్తే ఇంటివారు సంతోషిస్తారు” అన్నాడు. అతని మనస్సులో భక్తియే గాని కపటం లేదు. అయినను మేము ఒప్పుకొనలేదు. నెలవంక కొమ్ముల నడుమ ఉన్నది ఖాళీ చోటు కాదు. చీకటిలో ఉన్న చంద్రుని శరీరమే. దాని ముందు గ్రహం వెలుగవలెనంటే ఆ గ్రహం చంద్రుని కంటె మనకు దగ్గరగా ఉండవలెను. అది అసంభవం. జెండాల మీద, గుమ్మటాల మీద ఆ గుర్తు అందమైన అలంకారం. ఆకాశంలో అది సాక్ష్యం కాదు. ఆ పిల్లవాడు రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. మూడవనాడు తానే వచ్చి, ఒక బంతిని సగం దీపానికెదురుగా పట్టి, ఆ చీకటి సగం ముందు చుక్క ఎట్లు నిలువదో తన స్నేహితులకు చూపినాడు. మా ఉద్యోగ జీవితంలో మేము పొందిన బహుమానాలలో అదొకటి.

నెలవంకను చూచినామని సాక్ష్యం చెప్పేవానిని ఎక్కడ నుండి చూచితివి, ఎప్పుడు చూచితివి అని పెద్దలు అడుగుతారు. విజ్ఞానశాస్త్రం కూడ అదే అడుగుతుంది. మన తెలుగునాట దీనికి గొప్ప ఉదాహరణ ఉన్నది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చినది. టి. పి. భాస్కరన్, ఆయన పిమ్మట అక్బర్ అలీ దానికి అధిపతులుగా పనిచేశారు. ఆకాశపు పటం కొరకు వేలకొలది నక్షత్రాల స్థానాలను ఛాయాఫలకాల మీద కొలిచిన ఆ వేధశాలలో, చంద్రుడు నక్షత్రాలను మరుగుపరచే క్షణాలను నమోదు చేసే పనియు జరిగినది. ఆ క్షణాలలో అందం లేదు. కాని చంద్రుని గమనాన్ని సరిచూచుటకు అవి ఉపకరించినవి. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పబోయినప్పుడు దాని వెలుగు ముందుగానే పలుమార్లు తగ్గినది. ఆ క్షణాలను శ్రద్ధగా గుర్తించిన వారివల్లనే ఆ గ్రహానికి వలయాలున్నట్లు లోకానికి తెలిసినది. కావలూరు వేధశాలలోని మనవారు కూడ ఆనాడు ఆ నక్షత్రాన్ని పరిశీలించారు.

అందుచేత మా మసక చిత్రాన్నే కళాశాల గోడపత్రికలో ఉంచాము. దాని క్రింద ఉర్దూలోను, తెలుగులోను వేళ, స్థలం వ్రాసి ఉన్నవి. కళాశాల సంఘంవారికి ఒక విన్నపం: ఒక చిన్న దూరదర్శిని, గట్టి స్టాండు, ఒక నమోదు పుస్తకం మన విద్యార్థులకు సమకూర్చగలరు. విద్యార్థులకు ఒక మాట: చంద్రుడు మరల ఏదో ఒక గ్రహం ముందుగా నడుస్తాడు. ఆనాటికి ముందుగా మేడ ఎక్కండి, కెమేరా దృష్టిని ముందుగానే సరిచేసుకొనండి, గడియారం చూచుకొనండి. చిత్రం మసకగా వచ్చినా సిగ్గుపడవద్దు. అది మీరు చూచినది; మీరు సాక్షులు.