గాలిలో దుమ్ము, గుండెలో గుబులు

ఉర్దూలో ‘గుబార్’ అంటే దుమ్ము, ధూళి. మనసులో పేరుకుపోయిన దుఃఖానికీ అదే మాట వాడతాం. ఎవరైనా ఏడ్చి తేలికపడితే ‘దిల్ కా గుబార్ నికల్ గయా’ అంటాం. వాతావరణాన్ని ‘ఆబోహవా’ అంటాం, అంటే నీరూ గాలీ. ‘ఆ ఊరి ఆబోహవా నాకు పడలేదు’ అన్న మనిషి ఒంటి సంగతే కాదు, మనసు సంగతి కూడా చెబుతున్నాడు. మన పెద్దల మాటల్లో ఉన్న ఈ విషయాన్ని నేడు వైద్యశాస్త్రం లెక్కలతో చూపుతోంది.

జూపాడు బంగ్లా లాంటి పల్లెలో కాలుష్యం ఎక్కడిదని కొందరు అడుగుతారు. కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు మీద లారీలు లేపే దుమ్ము ఉంది. కోతలయ్యాక పొలాల్లో కొయ్యకాళ్లకు పెట్టే నిప్పు ఉంది. కానీ అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది మన ఇంటి లోపలి పొగ. 1999లో మన రాష్ట్రంలో ‘దీపం’ పథకం వచ్చింది. 2016లో కేంద్రం ‘ఉజ్వల’ తెచ్చింది. 2024 నుంచి రాష్ట్రంలో అర్హులకు ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. అయినా నీళ్లు కాగడానికీ, పెద్ద దేగిశా ఎక్కించడానికీ కట్టెల పొయ్యి చాలా ఇళ్లలో ఇంకా మండుతూనే ఉంది.

నేను సిగ్గుపడే సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నా దగ్గర చదువుకునే ఒక పిల్లవాడి తల్లి నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడక, నిద్ర లేక, గోడకు ముఖం పెట్టి కూర్చునేది. కిటికీ లేని వంటింట్లో రోజూ రెండు పూటలా కట్టెల పొయ్యి ముందే ఆమె బతుకు. దగ్గు కూడా ఉండేది. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు, ‘అసర్’ అన్నారు, తావీజు కట్టించారు. నా దగ్గరికి తీసుకొస్తే నేనూ ‘నమాజు పాబందీగా చెయ్యమ్మా, సబర్ పట్టు’ అని పంపేశాను. ఆమె తల వంచుకొని, ‘నమాజులోనే ఏడుపొస్తోంది మౌల్వీ సాబ్’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

చివరికి ఆమె అన్న కర్నూలులో మనోవైద్యుని దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు మందులు రాసి, దగ్గు సంగతి విని, వంట ఎక్కడ చేస్తావని అడిగాడట. ఇంటివాళ్లు గోడకు కిటికీ కొట్టించి, పొయ్యిని వసారాలోకి మార్చారు. కొన్ని నెలలకు ఆమె మళ్లీ మనిషైంది. కిటికీ వల్లే నయమైందని నేననను. మందులు పని చేశాయి, అన్న ప్రేమ పని చేసింది. కానీ డాక్టరు అడిగిన ఆ చిన్న ప్రశ్న నాకెందుకు తోచలేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

పొగ మనసును ఎలా తాకుతుంది?

పొగలో, ధూళిలో ‘పి.ఎం. 2.5’ అనే అతి సన్నని రేణువులు ఉంటాయి. తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ముక్కులోని వెంట్రుకలు వీటిని ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. వాటిలో మరీ సన్ననివి రక్తంలో కలుస్తాయి. దీనివల్ల ఒంట్లో వాపు స్వభావం పెరుగుతుందనీ, అది మెదడును కూడా తాకుతుందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. చైనాలోని షాంఘైలో 55 మంది విద్యార్థుల గదుల్లో కొన్నాళ్లు నిజమైన గాలి శుద్ధి యంత్రాన్నీ, కొన్నాళ్లు ఉత్తుత్తి యంత్రాన్నీ పెట్టి చూశారు. గాలి మురికిగా ఉన్న రోజుల్లో వారి రక్తంలో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా కనిపించాయి. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

2019లో లండన్ పరిశోధకులు 16 దేశాల సమాచారాన్ని జల్లెడ పట్టారు. ఘనపు మీటరు గాలిలో ఈ ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే మానసిక కుంగుబాటుకు అవకాశం సుమారు 10 శాతం పెరుగుతున్నట్లు తేలింది. 2023లో అమెరికాలో 64 ఏళ్లు పైబడిన దాదాపు 89 లక్షల మందిని పరిశీలించినప్పుడు కూడా ఇలాంటి సంబంధమే కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించిన వార్షిక పరిమితి 5 మైక్రోగ్రాములు. మన దేశ ప్రమాణం 40.

1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు చిమ్మినప్పుడు లోకమంతా ఊపిరితిత్తుల గురించి, కళ్ల గురించి మాట్లాడింది. మరుసటి సంవత్సరం అక్కడి క్లినిక్కుల్లో 855 మందిని పరీక్షిస్తే 193 మందిలో మానసిక రుగ్మతలు బయటపడ్డాయి. వారిలో ఎక్కువమంది స్త్రీలే. అక్కడ విషవాయువుతోపాటు అయినవాళ్లను పోగొట్టుకున్న దుఃఖం, ఆ రాత్రి భయం కూడా ఉన్నాయి.

అప్పు, అనారోగ్యం, ఇంట్లో గొడవలు, ఒంటరితనం కూడా మనిషిని కుంగదీస్తాయి. గాలి ఒక్కటే కారణమనడం పొరపాటు. అయితే కారణాలన్నిటిలో మన చేతులతో వెంటనే తగ్గించగలిగిన వాటిలో పొగ ఒకటి.

పూర్వపు హకీములకు తెలిసిన మాట

ఇదంతా పాశ్చాత్యుల కొత్త మాట అనుకోనక్కర్లేదు. నేటి అఫ్గానిస్థాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ 934లో కన్నుమూశారు. ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ అనే తన గ్రంథంలో ఆయన ముందు శరీరం గురించి, ఇల్లు, గాలి, నీరు, ఆహారం గురించి రాసి, తర్వాత మనసు గురించి రాశారు. రెంటినీ కలిపే చూడాలన్నారు. దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి కారణం తెలిసినది. రెండోది కారణం తెలియకుండా కమ్ముకునేది. ఆ రెండోదానికి మూలం ఒంట్లోనే ఉంటుందనీ, దానికి వైద్యం చేయాలనీ చెప్పారు. వెయ్యేళ్ల క్రితమే ఒక ముస్లిం పండితుడు దిగులును జబ్బుగా గుర్తించి మందు వెతికితే, మనం నేటికీ దానిని ఈమాన్ బలహీనత అని నిందిస్తున్నాం!

మనం చేయగలిగినవి

వంటింటికి కిటికీ గానీ పొగగొట్టం గానీ పెట్టించండి. గ్యాసు ఉన్న ఇంట్లో దానిని అతిథుల టీకే దాచిపెట్టకండి. దోమల కాయిల్ ఒకటి కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సూక్ష్మధూళి వస్తుందని 2003 నాటి ఒక పరిశోధన చెప్పింది. దోమతెర మేలు. లోబాన్ వేయడం మన ఇళ్ల అలవాటు. సువాసన మంచిదే కానీ అదీ పొగే. తలుపులు తెరిచి, కొద్దిగా వేయండి. పసిపిల్లలూ, ఉబ్బసం ఉన్నవాళ్లూ ఉన్న గదిలో వద్దు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఖాళీ స్థలాల చెత్త ఎత్తి, గడ్డి, చెట్లు నాటించారు. ఆ చుట్టుపక్కల వాళ్లలో మనసు కుంగిపోయిందనే భావన 41 శాతం తగ్గినట్లు 2018లో ప్రకటించారు. మన మస్జిదు ఆవరణలో, ఖబరస్తాన్ గోడ వెంట నాలుగు వేపచెట్లు నాటడానికి ఎవరి అనుమతి కోసం ఎదురుచూస్తున్నాం?

రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉంటే డాక్టరుకు చూపించండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ‘టెలి మానస్’ వారు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఇంట్లో వినబడితే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకండి. దుఆ చేయండి, మందూ ఇప్పించండి.

పచ్చి వెల్లుల్లి తిని మస్జిదుకు వస్తే పక్కవాడికి ఇబ్బంది అని మనకు నేర్పారు. జుమా రోజు స్నానం చేసి, అత్తరు రాసుకొని వెళ్లేదీ పక్కవాడు హాయిగా ఊపిరి తీసుకోవాలనే. మరి మన పొలంలో పెట్టిన నిప్పు పొగ పొరుగు ముసలాయన గదిలోకి పోతుంటే? మన ఇల్లాలు పొగలో కళ్లు తుడుచుకుంటూ వండిన రొట్టెను మనం బయట చల్లగాలిలో కూర్చొని తింటుంటే? ఈ రోజు నమాజు నుంచి ఇంటికి వెళ్లాక ఒక్కసారి వంటింట్లో పది నిమిషాలు నిలబడి చూడండి.