మోగల్లు ఇంజనీరు, ఉప్పాడ పడవలు

ఉప్పాడ: హైదరాబాదులో ఈసీఐఎల్ వైపు వెళ్లే బస్సుల్లో "ఏ.ఎస్. రావు నగర్" అని కండక్టరు కేక వేస్తే దిగేవాళ్లు వందలమంది. ఆ రావు ఎవరో, ఎక్కడివారో చెప్పగలిగేవారు మాత్రం వేళ్లమీద లెక్కించదగినంత మందే. పరాయి ఊరివారి సంగతి సరే, గోదావరి జిల్లాల వారికే ఆయన పేరు అంతగా తెలియకపోవడం విచారకరం.

అయ్యగారి సాంబశివరావు 1914లో భీమవరం దాపున గల మోగల్లులో జన్మించారు. కలిగిన కుటుంబం కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివారు. టాటా వారి విద్యార్థి వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌కు వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పుచ్చుకున్నారు. అక్కడే కొలువు చూసుకోకుండా తిరిగివచ్చి, బొంబాయిలో హోమీ భాభా వద్ద చేరారు.

అప్పట్లో మన ప్రయోగశాలల్లో మీటరు చెడినా, వాల్వు మాడినా ఓడమీద సరుకు వచ్చేదాకా పని ఆగవలసిందే. పరికరం మనదైతే తప్ప పరిశోధన మనది కాదని భాభా పట్టుబట్టారు. ఆ పట్టుదలను చేతల్లోకి తెచ్చిన వ్యక్తి సాంబశివరావు. 1956 ఆగస్టులో ట్రాంబేలో పనిచేయనారంభించిన "అప్సర" అణు రియాక్టరుకు ఇంధనం బయటి దేశం నుంచి వచ్చింది. దానిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ యంత్రాంగాన్ని మాత్రం రావుగారి బృందం ఇక్కడే తయారుచేసింది. 1960లో ఆయనకు పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించాయి.

నలుగురిలో ఇద్దరు

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు వైర్‌లెస్ వంటి పరికరాలకు పరాయి దేశాలపై ఆధారపడితే ఏమవుతుందో ఢిల్లీకి తెలిసివచ్చింది. మరుసటి ఏడాది భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ ఏర్పడింది. అందులో ఉన్నది నలుగురే: భాభా, విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, సాంబశివరావు. చివరి ఇద్దరూ తెలుగువారు కావడం గమనార్హం. భగవంతం కాంతి కిరణాల తీరుతెన్నులపై సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసినవారు.

1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈసీఐఎల్ వెలిసింది. దానిని నిలబెట్టిన బాధ్యత రావుగారిదే. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటరు 1969లో వచ్చింది. తర్వాత ఈసీ టీవీలు ఊళ్లకు చేరాయి. ఓటింగు యంత్రం నమూనాను 1979లో రూపొందించిందీ ఈ సంస్థే. 2008లో చంద్రయాన్ నుంచి వచ్చే సంకేతాలు అందుకోవడానికి బెంగళూరు సమీపాన బ్యాలాళులో నిలిపిన 32 మీటర్ల పళ్లెం కూడా ఈసీఐఎల్ పనితనమే. రావుగారు దానిని చూడలేదు. 2003లో కన్నుమూశారు.

పడవకు మాట చేరేదెలా?

ఇక ఉప్పాడ సంగతి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన పెనుతుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. తుపాను వస్తున్నదన్న కబురు రేడియోలో వినిపించింది. పడవలో ట్రాన్సిస్టరు ఉన్నవాడికి, అదీ బ్యాటరీ ఉంటే, ఆ మాట చెవిన పడింది. లేనివాడికి గాలి మారిన తర్వాతే తెలిసింది. విన్నవాడికైనా "మేము ఫలానా చోట ఉన్నాము, మునుగుతున్నాము" అని తిరిగి చెప్పే దారి లేదు.

వైర్‌లెస్ సెట్టు ఉంటే చాలదా అని అడగవచ్చు. బోట్లలో వాడే వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు వెలుతురులాగే తిన్నగా పోతాయి, భూమి వంపు చుట్టి రావు. తీరాన 30 మీటర్ల స్తంభం, పడవలో 5 మీటర్ల గెడ ఉంటే సుమారు 30 కిలోమీటర్లు దాటాక మాట తెగిపోతుంది. సెల్‌ఫోను సిగ్నలుదీ అదే తీరు. వల పడేది అంతకన్నా దూరాన అయినప్పుడు పైనుంచి, అంటే ఉపగ్రహం నుంచి మాట దిగిరావలసిందే.

ఆ పని మన దేశంలోనే జరిగింది. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహం చూసిన నీటి రంగునుబట్టి, ఉపరితల వేడినిబట్టి చేప దొరికే చోట్లు చెబుతుంది, అలల ఎత్తు ముందుగా తెలియజేస్తుంది. 2019లో విడుదలైన "జెమిని" పరికరం తీరానికి దూరాన కూడా ఈ కబుర్లను అందుకుని సెల్‌ఫోనుకు ఇస్తుంది. అయితే అది వినడానికే. ఆపద చెప్పుకోవడానికి ఇస్రో తయారుచేసిన "డాట్" పెట్టె 2010 నుంచి వాడుకలో ఉంది. పడవ మునుగుతున్నా, నిప్పంటుకున్నా, మనిషి నీళ్లలో పడినా మీట నొక్కితే సంకేతం ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడినుంచి కోస్టుగార్డుకు చేరుతుంది.

చిక్కల్లా ఏమంటే, నొక్కినవాడికి కబురు అందిందో లేదో తెలిసేది కాదు. నడిసముద్రంలో ఆ సందేహమే మనిషిని సగం చంపుతుంది. 2024 జనవరిలో వెలువడిన రెండో తరం డాట్ ఆ లోటు తీర్చింది. "మీ సందేశం అందింది" అన్న జవాబు పడవకే తిరిగివస్తుంది. తుపాను హెచ్చరికలు కూడా అందులోకే పంపవచ్చు.

వీటిలో ఏదీ సాంబశివరావు స్వయంగా చేసినది కాదు. కాని విడిభాగం కోసం ఓడరాకకు ఎదురుచూసిన దేశంలో ఇంత చిన్న పెట్టెను ఇక్కడి ఇంజనీర్లే గీసి, ఇక్కడే బిగించగలగడం ఆయన తరం వేసిన బాట.

పెట్టె ఉన్న బోటు యజమానులు ఒక్క సంగతి మరవరాదు. ప్రతి పరికరానికీ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక పడవ. పడవ చేతులు మారితే ఆ వివరాలు మత్స్యశాఖలో మార్పించుకోవాలి. లేకుంటే మీట నొక్కింది ఒకరైతే, అధికారులు వాకబు చేసేది మరొకరి ఇంట్లో.