పులుపు ఎముకలను కరిగిస్తుందా?

కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారి పొడవునా అడవి మధ్య కోయగూడేలు కనిపిస్తాయి. ఎండలు ముదిరే వేళకు ఆ గూడేలలో చింతచెట్లు దులిపి, పండు ఒలిచి, వాకిళ్లలో ఆరబోస్తారు. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తులలో చింతపండు ముఖ్యమైనది. పండు అయిపోయిన కొద్ది రోజులకే చిగురు వస్తుంది. ఇంత పులుపు చుట్టూ పెట్టుకుని కూడా తెలుగు ఇళ్లలో ఒక భయం తరతరాలుగా ఉన్నది. పులుపు ఎముకలను తినేస్తుందనీ, కీళ్లు పట్టేస్తాయనీ, బాలింత దానిని తాకరాదనీ పెద్దలు చెబుతారు. ఇదే భయం ఇప్పుడు పట్టణాలలో మరొక వేషంలో వినబడుతున్నది. ఒంట్లో ఆమ్లం పెరిగితే ఎముకలు కరుగుతాయి కనుక క్షారజలం కొనుక్కుని తాగండి అని ప్రకటనలు చెబుతున్నవి.

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. ఏ పాఠశాలలోనైనా చేయదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. శుభ్రం చేసిన కోడికాలి ఎముకను వెనిగర్‌లో వేసి, రెండు రోజులకొకసారి వెనిగర్ మారుస్తూ వారం పదిరోజులు ఉంచాలి. అప్పుడది రబ్బరులాగా వంగుతుంది. ఎముకలో ఉండేవి ప్రధానంగా రెండు పదార్థాలు: కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు, వాటి మీద పేరుకున్న కాల్షియం ఫాస్ఫేటు లవణం. ఆమ్లం లవణాన్ని కరిగించింది. పోగులు మాత్రం మిగిలాయి. ఎముకను నిప్పులో కాలిస్తే ఇందుకు విరుద్ధంగా పోగులు కాలిపోయి, పెళుసైన లవణం మిగులుతుంది.

అయితే సీసాలో జరిగినది శరీరంలో జరగదు. జీర్ణాశయంలో ఊరే హైడ్రోక్లోరికామ్లం ఏ చింతపులుసు కంటెనైనా తీవ్రమైనది. అది చిన్నప్రేగులోకి దిగగానే క్లోమరసంలోని క్షారం దాన్ని తటస్థం చేస్తుంది. నిమ్మలోని సిట్రికామ్లాన్ని కణాలు దహించి, బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితిత్తుల ద్వారా బయటకు పంపుతాయి. దానితో వచ్చిన పొటాషియం లవణాలు చివరకు క్షారాన్నే మిగులుస్తాయి. నాలుకకు పుల్లనిది రక్తానికి పుల్లనిది కానక్కరలేదు! ఆరోగ్యవంతుని రక్తపు పిహెచ్ 7.35, 7.45 మధ్యనే ఉంటుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రాత్రింబగళ్లు దాన్ని కాపాడుతూ ఉంటాయి.

నిజంగా ఆమ్లాన్ని మిగిల్చేవి మాంసం, గుడ్లు, ధాన్యాలు. ప్రోటీనులలోని గంధకం చివరకు గంధకామ్లంగా మారుతుంది. ఈ ఆమ్లాన్ని అణచడానికి శరీరం ఎముకల నుంచి క్షారాన్ని తీసుకుంటుందనీ, అందుచేతనే వయసు మీరినకొద్దీ ఎముకలు గుల్లబారుతాయనీ 1968లో వాక్‌మన్, బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు 'లాన్సెట్' పత్రికలో ప్రతిపాదించారు. ప్రోటీను ఎక్కువ తిన్నవారి మూత్రంలో కాల్షియం పెరగడం అందరూ చూసినదే కనుక ఆ వాదం చాలాకాలం నిలిచింది. తరువాతి పరిశోధనలలో తేలినది వేరు. ప్రోటీను తిన్నప్పుడు ప్రేగులు ఆహారం నుంచి పీల్చుకునే కాల్షియం కూడా పెరుగుతుంది. మూత్రంలో కనబడిన అదనపు కాల్షియంలో చాలా భాగం అక్కడిదే, ఎముకది కాదు. మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో ఆమ్లం నిలిచిపోయిన రోగులకు మాత్రం ఎముకలు నిజంగానే క్షీణిస్తాయి. వారికి వైద్యుడు ఇచ్చే క్షారం మందు. ఇతరులకు క్షారజలం వృథా ఖర్చు.

చింతపండు విషయం మన దగ్గరే పరీక్షకు వచ్చింది. ఖమ్మానికి పడమట ఉన్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో భూగర్భజలంలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలనో వంచింది. అక్కడ మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించారు. అదే సంస్థవారు 2002లో ప్రచురించిన పరిశీలనలో బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి చూశారు. మూత్రంలో పోయే ఫ్లోరైడు రోజుకు సుమారు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. మూత్రంలో పోయే కాల్షియంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. చింతపండు ఫ్లోరోసిస్‌కు మందు అని దీని అర్థం కాదు. దానికి మంచినీరే మందు. కాని పులుపు ఎముకలోని కాల్షియాన్ని లాగుతుందన్న మాటకు మాత్రం ఇక్కడ ఆధారం దొరకలేదు.

మరి ఎముకను తినేది ఏది? పెద్దవారి శరీరంలో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 పాళ్లు ఎముకలలో, పళ్లలో ఉన్నదే. మిగిలిన కొంచెమే గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి ఆధారం. కనుక రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం సహించదు. కంఠంలోని పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే ఎముకల నుంచి తీయిస్తాయి. రాబడి లేని ఇంటివారు గాదెలో ధాన్యం తీసి తిన్నట్లే. రాబడి అంటే ఇక్కడ ఆహారం.

ఈ లెక్కే అడవి అంచున ఇప్పుడు మారుతున్నది. ఒకప్పుడు పోడు చేలలో జొన్న, సామ, కొర్రలతోపాటు రాగులు కూడా పండేవి. వీటినే తెలంగాణలో తైదలనీ, గోదావరి వైపు చోళ్లనీ అంటారు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. జొన్నలో 30 లోపే. రేషను బియ్యం ఆకలిని తీర్చింది, అది చిన్న మేలు కాదు. అయినా అరకిలో బియ్యం వండుకు తిన్నా వచ్చే కాల్షియం 50 మిల్లీగ్రాములే. పెద్దవారికి రోజుకు 1000, పాలిచ్చే తల్లికి 1200 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది.

రాగులలోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు. ఫైటికామ్లం అనే పదార్థం దాన్ని కట్టివేస్తుంది. గింజను మొలకెత్తించినా, పిండిని పులియబెట్టినా ఆ కట్టు చాలావరకు వదులుతుంది. రాత్రి కలిపి పులియనిచ్చిన పిండితో కాచే అంబలి అందుకే మంచిది. ఇక్కడ పులుపు ఎముకకు చుట్టమే గాని పగ కాదు. పాలకూరలో కూడా కాల్షియం ఉన్నది గాని, ఆక్సాలికామ్లం దాన్ని దాదాపుగా బంధించి ఉంచుతుంది. మునగాకు, అవిసాకు, నువ్వులు ఇంతకంటె మేలు.

విటమిన్ డి లేనిదే ప్రేగులు కాల్షియాన్ని సరిగా గ్రహించలేవు. ఎండలో పనిచేసే వారికి అది చర్మంలోనే తయారవుతుంది. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో పల్లెవాసులకు పట్టణవాసుల కంటె ఈ విటమిను మెరుగుగా ఉన్నది. ఆహారంలో కాల్షియం మాత్రం ఇద్దరికీ తక్కువే. అనగా ఎండ ఒక్కటే చాలదు.

ఇక బాలింత సంగతి. పాల ద్వారా ఆమె రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల కాల్షియం బిడ్డకు ఇస్తుంది. ఆ నెలలలో ఎంత తిన్నా ఆమె ఎముకల సాంద్రత కొంత తగ్గడం సహజం. బిడ్డ పాలు మానిన తరువాత అది తిరిగి పూడుతుంది. ఆ పూడికకు సరుకు కావాలి. పథ్యం పేరుతో చాలా ఇళ్లలో ఆమెకు పులుపుతోపాటు ఆకుకూరలు కూడా మాన్పించి, కారప్పొడి అన్నం పెడతారు. దానికి బదులు నూరు గ్రాముల రాగిపిండి అంబలిగానో సంకటిగానో పెట్టి, ఒక కట్ట మునగాకు చింతపులుసు పోసి వండి, చెంచాడు నువ్వులపొడి కలిపితే రోజుకు 750 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఆమె కంచంలోకి వస్తుంది. మిగిలిన దానిలో కొంత మజ్జిగ వల్ల, గోదావరి ఒడ్డున దొరికే, ముల్లుతో సహా నమిలి తినగల చిన్నచేపల వల్ల సమకూరుతుంది.