కాలు నిలబెట్టే కొలువులు

చీరాలలో గుంట మగ్గం మీద నేసేవారిని మీరు చూసే ఉంటారు. చేతులతో పాటు కాళ్లూ ఆడాలి. కాలు ఆగితే మగ్గం ఆగినట్టే. అలాంటి ఇంట్లో కుర్రాడికి మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్ అని తేలితే? 'కాలు తీసేస్తారేమో' అన్నదే మొదటి భయం. ఒకప్పుడు ఎక్కువగా అదే జరిగేది. ఇప్పుడు చాలామందికి కాలు ఉంచే గడ్డను తొలగిస్తున్నారు. ఇది ఒక్క సర్జన్‌తో అయ్యే పని కాదు. ఆ బృందంలో మీ చదువుకూ చోటుంది.

ఖాళీని ఎలా పూడుస్తారు?

గడ్డతో పాటు ఎముక ముక్కనూ తీసేస్తారు. ఆ చోట రోగి పిక్కలోని సన్నటి ఎముక 'ఫిబ్యులా'ను గానీ, దాత ఇచ్చిన ఎముకను గానీ అమరుస్తారు. లేదంటే తీసిన ఎముకలోనే క్యాన్సర్ కణాలను రేడియేషన్‌తో చంపి, అదే ఆపరేషన్‌లో తిరిగి పెడతారు. కొందరికి లోహపు కీలు వేస్తారు. ప్లేట్లు, స్క్రూలు బిగించినా ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఇన్‌ఫెక్షన్ భయమూ ఉంటుంది.

ఎవరికి ఏ పని?

టిష్యూ బ్యాంకు: ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఇది 1988లో మొదలైంది. దాత రక్త పరీక్షలు చూడటం, ఎముకను శుద్ధి చేయడం, గామా కిరణాలతో సూక్ష్మజీవులను చంపించడం, రికార్డులు రాయడం ఇక్కడి పనులు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ పనికొస్తాయి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలోకి 2011 సవరణతో టిష్యూలూ చేరాయి. బ్యాంకుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇలాంటి బ్యాంకులు తక్కువే కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

మెడికల్ ఫిజిసిస్ట్: తిరిగి అమర్చే ఎముకకు సాధారణంగా 50 గ్రే రేడియేషన్ ఇస్తారు. ఆ లెక్క తప్పకూడదు. ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ గానీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత బార్క్ డిప్లొమా గానీ చేయాలి.

ఫిజియోథెరపిస్ట్: మోకాలు బిగుసుకోకుండా చూసి, మళ్లీ నడక నేర్పేది వీరే. బైపీసీ తర్వాత బీపీటీ చేయాలి.

ప్రోస్థటిక్స్, ఆర్థోటిక్స్: బ్రేసులు, కృత్రిమ అవయవాలు తయారుచేసే రంగం. చేరేముందు కాలేజీకి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

మీకూ ఓ మాట

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది టీనేజీలోనే, అదీ మోకాలి చుట్టూనే. మోకాలి నొప్పి అంతా క్యాన్సర్ కాదు. కానీ వారాల తరబడి తగ్గని నొప్పి, వాపు ఉన్నా, నొప్పితో రాత్రి మెలకువ వస్తున్నా 'ఆటలో దెబ్బేలే' అని మర్దనతో సరిపెట్టుకోవద్దు. డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే తీయించుకోండి. త్వరగా తెలిస్తే కాలు దక్కే అవకాశం ఎక్కువ.