మునిగిన మగ్గములు తిరిగి ఆడిన విధము

మన నేతవారికి వరద క్రొత్త మాట కాదు. బరంపురములోని మనవారు 2013 అక్టోబరులో ఫైలిన్ తుపానును చూచిరి. యానాము 2022 జూలైలో గోదావరి వరద నెరిగినది. అట్టివేళ వచ్చు బియ్యము, దుప్పట్లు మొదటి వారమునకు. ఆ పిదప మగ్గము మాట ఎత్తువారెవరు? కేరళలో ఎర్నాకుళం జిల్లాలోని చేందమంగళము అనుభవము ఇచట తెలియదగినది.

2018 ఆగస్టు నడుమ పెరియారు పొంగి ఆ ఊరు మునిగెను. ఓణము పండుగకు ఇంక పది దినములే యుండెను. సంవత్సరమంతటికిని పెద్ద అమ్మకపు కాలమది. సంఘములలో సిద్ధముగానున్న ముండులు, చీరలు బురదపాలయ్యెను.

గుంట మగ్గమునకు నీరెంత చేటో మనవారికి వేరుగ చెప్పనక్కర లేదు. ఇంటి సామాను అటకపై పెట్టవచ్చును, గుంటను ఎత్తి పెట్టలేము గదా! పడుగునకు పట్టించిన గంజి నాని, బూజుపట్టి పోగు చివుకును. ఇనుప అచ్చు తుప్పు పట్టినచో పిమ్మట నేసిన బట్టపై మచ్చ దిగును. కొయ్య బద్దలు ఉబ్బి వంకరలు తిరుగును. నీరు తీసిన మరునాడే నేత సాగదు. గుంట ఎండవలెను, అచ్చు మారవలెను, క్రొత్త పడుగు రావలెను. అన్ని వారములును కూలి లేదు. సాయము చేయువారు తరచు మరచునది ఈ నడిమి కాలమునే.

మరక వదలని చీరలు ఇక పనికిరావనుకొనుచుండగా లక్ష్మీ మేనోన్, గోపీనాథ్ పారయిల్ అనువారు వానిని క్లోరినుతో శుద్ధిచేయించి, చిన్న ముక్కలుగ కత్తిరించి, 'చేకుట్టి' అను బొమ్మలు కట్టించిరి. చేకుట్టి యన చేందమంగళపు బిడ్డ. మలయాళమున 'చేరు' అన బురద గావున బురదలోని బిడ్డ యనియు చెప్పుదురు. 1,300 రూపాయల చీర ఒకటికి 360 బొమ్మలు, బొమ్మ 25 రూపాయలు, వెరసి 9,000. అయితే బొమ్మలు కట్టినవారు కూలి గోరని స్వచ్ఛంద సేవకులు. దీనిని ఎల్లకాలపు వ్యాపారపు లెక్కగా తలపరాదు. మరకనే గుర్తుగా నెంచి జనులు కొనిరి; సొమ్ము నేతవారికి చేరెను.

బొమ్మ మగ్గమును బాగుచేయదు. ఆ పనికి సేవ్ ది లూమ్ అను సంస్థ పూనుకొనెను. చెడిన మగ్గములను బాగుచేయించి, తరువాత స్త్రీ న్యాయవాదులు ధరింపదగిన చేనేత చీరలు నేయించి క్రొత్త గిరాకి కల్పించెను. నా దృష్టిలో ఇదియే పెద్ద పని. ఒక్క పండుగపై ఆధారపడిన ఊరు ఆ పండుగ పోయిన యేట ఏమగునో చూచితిమి. కేరళ ప్రభుత్వము 2017లో బడిపిల్లలకు చేనేత యూనిఫారములిచ్చు పథకము నారంభించినది. పండుగతో నిమిత్తము లేని ఇట్టి నేత ఏ ఊరికైనను అండ.

మన సంఘములు ముందుగ చేయదగిన పని ఒకటి కలదు. మగ్గములెన్ని, అవి ఎవరివి, వానిపై నేయునది ఎవరు అను జాబితా వ్రాసి యుంచవలెను. మగ్గము సొంతదారు పేరు మాత్రమే యున్నచో పరిహారము అతనికే పోవును. అతని యింట కూలికి నేయువాడు, పడుగు తోడువాడు, కండెలు చుట్టు ఆడవారు లెక్కకు రారు. ఆ జాబితా ప్రతి నొకదానిని నీరు చేరని చోట, వీలైన వేరొక ఊరి సంఘమునందు భద్రపరుచుట మంచిది.