చెరువు గుంతలు ఎవరు పూడ్చాలి?

ఆర్మూరు పసుపుకు పేరున్న సీమ. ఇక్కడి ఊళ్ల బతుకు చెరువు మీదనే. ఆ చెరువులోనే కూలోళ్ల బిడ్డలు మునిగిపోతే తలరాత అని ఊరుకుందామా?

మొరం, మట్టి తవ్వి వదిలేసిన గుంతలు వానాకాలంలో నీళ్ల కింద కనబడవు. మోకాటి లోతే అని దిగిన పిల్లవాడు ఇంకో అడుగు వేస్తే నిలువెత్తు నీళ్లలో పడతాడు. తల్లిదండ్రులు కలుపుకు పోతే వాణ్ణి చూసేదెవరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాలవారే.

ఈత రానివాళ్లు దూకొద్దు. తాడు, కట్టె, చీర అందించాలి. ఖాళీ డబ్బా విసరాలి. ఒడ్డుకు తెచ్చాక కడుపు నొక్కొద్దు. ఊపిరాడకుంటే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, 108కి ఫోన్ చేయించాలి.

తవ్వినోళ్లే గుంతలు పూడ్చాలి. కలుపుల కాలంలో పిల్లల్ని చూసే ఏర్పాటు ఊళ్లోనే ఉండాలి. గ్రామసభలో మనమే నిలదీద్దాం.