కాలువ పడవలో కాపురం

ఉద్దేశం

కుళాయి తిప్పితే నీళ్లు, మీట నొక్కితే దీపం వచ్చే ఇంట్లో నివసించే మనకు ఆ సౌకర్యాల వెనుక ఉన్న శ్రమ కనిపించదు. ఇంగ్లండు దేశపు కాలువలలో పడవలనే ఇళ్లుగా చేసుకొని జీవించేవారు ఆ శ్రమను ప్రతిదినం స్వయంగా చేసుకోవాలి. అటువంటి పడవ సంరక్షణను, అందులోని నివాసానికి అవసరమైన జాగ్రత్తలను, వాటి వెనుకగల శాస్త్రీయ కారణాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నది ప్రకృతి ప్రసాదించినది. కాలువ మనిషి తవ్వుకొన్నది. నది తన దారిన తాను ప్రవహిస్తుంది. కాలువ మాత్రం మనిషి గీసిన గీత మీద, మనిషి నిర్ణయించిన మట్టంలో నిలుస్తుంది. అటువంటి కాలువల మీద, ఏడడుగుల వెడల్పయినా లేని పడవలలో కాపురం చేసేవారు నేటికీ ఇంగ్లండులో వేల సంఖ్యలో ఉన్నారు. గట్టు మీద నిలబడి చూసేవారికి వారి జీవితం నిత్యవిహారంలా కనిపిస్తుంది. లోపల అడుగుపెట్టి చూస్తే అది నిత్యజాగరూకత అని తెలుస్తుంది.

రైళ్లు లేని కాలంలో బరువైన సరుకును దూర ప్రాంతాలకు చేర్చడానికి జలమార్గాన్ని మించిన సాధనం లేదు. గతుకుల బాట మీద ఒక గుర్రం ఒకటి రెండు టన్నుల బరువు లాగడమే కష్టం. అదే గుర్రం కాలువ గట్టు మీద నడుస్తూ దాదాపు ముప్ఫై టన్నుల బొగ్గు నింపిన పడవను లాగగలిగేది. 1761లో వర్స్‌లీ గనులనుంచి మాంచెస్టరు నగరానికి బొగ్గు చేరవేయడానికి బ్రిడ్జ్‌వాటర్ కాలువ ప్రారంభమైంది. దాని నిర్మాణంలో కీలకపాత్ర వహించిన జేమ్స్ బ్రిండ్లీ అనంతరం దేశం మధ్యభాగంలో అనేక కాలువలకు రూపకల్పన చేశాడు. ఎత్తుపల్లాలున్నచోట పడవలను దాటించడానికి లాకులు కట్టారు. రెండు వైపులా తలుపులున్న రాతితొట్టి వంటి నిర్మాణమే లాకు. పడవ లోపలికి వచ్చాక తలుపులు మూసి, తూముల ద్వారా నీటిని నింపితే పడవ పైకి లేస్తుంది. నీటిని వదిలితే కిందికి దిగుతుంది. వ్యయాన్ని, నీటిని ఆదా చేయడానికి లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతో, 72 అడుగుల పొడవుతో నిర్మించారు. వాటిలో ఇమడవలసిన పడవలు కూడా సన్నగా, పొడవుగా తయారయ్యాయి. అందుకే వాటికి ‘నేరోబోటు’, అనగా సన్నపడవ అనే పేరు వచ్చింది.

లాకు తెలుగువారికి కొత్తది కాదు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగింది. ఆ ఆనకట్ట ఆధారంగా గోదావరి డెల్టాలో తవ్విన ప్రధాన కాలువలు సేద్యానికే గాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడ్డాయి. గట్టు మీద మనుషులు తాడుపట్టి లాగుతుండగా ధాన్యం పడవలు ఆ కాలువలలో సాగేవి. రోడ్లు, లారీలు పెరిగిన కొద్దీ ఆ రవాణా క్షీణించింది. ఇంగ్లండులో కాలువలకు పోటీగా నిలిచినవి మొదట రైళ్లు, తరువాత లారీలు. ఆ పోటీలోనే పడవ మనుషులకు ఇల్లయింది.

పందొమ్మిదో శతాబ్దంలో రైళ్ల వల్ల సరుకు రవాణా ధరలు పడిపోయాయి. పడవ నడిపేవారి సంపాదన తగ్గింది. కూలికి మనిషిని పెట్టుకొనే స్తోమతగాని, ఒడ్డున ఇంటికి అద్దె కట్టే స్తోమతగాని లేక ఎందరో పడవవాళ్లు భార్యాబిడ్డలను పడవలోకే తెచ్చుకొన్నారు. పడవ వెనుక భాగంలోని సుమారు పది అడుగుల పొడవైన గదే వంటిల్లు, పడకటిల్లు, ప్రసూతిగృహం కూడా అయింది. ఈ దుస్థితిపై జార్జ్ స్మిత్ అనే సంస్కర్త సాగించిన ఆందోళన ఫలితంగా 1877లో, 1884లో కాలువ పడవల చట్టాలు వచ్చాయి. పడవలను నమోదు చేయడం, గదిలో నివసించేవారి సంఖ్యను పరిమితం చేయడం, పిల్లల చదువును పట్టించుకోవడం వాటి ముఖ్యాశయాలు. 1962–63 శీతకాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టడంతో అప్పటికే కుంటుతున్న సరుకు రవాణా దాదాపు ముగిసిపోయింది.

అయితే కాలువలు అంతరించలేదు. ఎల్.టి.సి. రోల్ట్ తన పడవ జీవితాన్ని వర్ణిస్తూ రచించిన ‘నేరో బోట్’ అనే గ్రంథం 1944లో వెలువడింది. 1946లో ఆయన మరికొందరితో కలిసి కాలువల పరిరక్షణకు ఒక సంఘాన్ని స్థాపించాడు. స్వచ్ఛంద సేవకులు ఎన్నో కాలువల పూడికతీసి తిరిగి వాడుకలోకి తెచ్చారు. 2012నుంచి ఇంగ్లండు, వేల్సులలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలను కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ నిర్వహిస్తున్నది. నేడు పడవలో నివసించేవారిలో ప్రశాంతతను కోరి వచ్చినవారు కొందరైతే, నగరాలలో ఇళ్ల ధరలు, అద్దెలు భరించలేక వచ్చినవారు మరికొందరు.

పడవ కొన్నంత మాత్రాన కాలువ మీద హక్కు రాదు. ట్రస్టునుంచి అనుమతిపత్రం పొందాలి. దానికి బీమా, పడవ భద్రతా ధ్రువపత్రం తప్పనిసరి. సాధారణంగా నాలుగేళ్లకొకసారి పరీక్షకుడు వచ్చి ఇంధనం, వాయువు, విద్యుత్తు, వాయుప్రసరణ ఏర్పాట్లను తనిఖీ చేస్తాడు. పడవను నిలుపుకోవడానికి శాశ్వతమైన రేవు చూపించాలి. లేదా ఏ ఒక్కచోటా 14 రోజులకు మించి ఆగకుండా ప్రయాణిస్తూ ఉండాలి. రేవు అద్దె మిగుల్చుకోవాలని రెండో మార్గం ఎంచుకొన్నవారికి పిల్లల బడి, ఉద్యోగం, వైద్యం ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క దూరంలో ఉంటాయి. ఇది ముందుగా లెక్కవేసుకోవలసిన విషయం.

పడవకు ప్రాణాధారం దాని ఉక్కు దేహం. సాధారణంగా అడుగు రేకు మందం 10 మిల్లీమీటర్లు, పక్క రేకు మందం 6 మిల్లీమీటర్లు ఉంటుంది. నీరు, గాలి కలిసి తాకేచోట, అనగా నీటిమట్టం గీత వద్ద తుప్పు అధికం. అందువల్ల రెండు మూడేళ్లకొకసారి పడవను నీటినుంచి పైకి తీసి, నాచును, పాత తుప్పును తొలగించి, తారు వంటి నల్లని పూత వేయాలి. అంతేగాక నీటిలో మునిగే భాగానికి మెగ్నీషియం దిమ్మలను అతికిస్తారు. మెగ్నీషియం ఉక్కుకన్నా చురుకైన లోహం కాబట్టి ముందుగా తాను కరిగి ఉక్కును కాపాడుతుంది. దిమ్మలు అరిగిపోయినా పట్టించుకోకపోతే తరువాత అరిగేది పడవే.

ఇంజనునుంచి ప్రొపెల్లరుకు వెళ్లే ఇరుసు పడవ దేహాన్ని చీల్చుకొని బయటికి పోతుంది. ఆ రంధ్రంగుండా నీరు రాకుండా ఇరుసు చుట్టూ బిగింపు ఉంటుంది. అనేక పడవలలో ప్రయాణం ముగిసిన ప్రతిసారీ అక్కడి పిడిని తిప్పి గ్రీజు ఎక్కించాలి. అర నిమిషం పట్టే ఈ పనిని మరిచిపోతే రాత్రంతా నీరు చుక్కచుక్కగా లోపలికి చేరుతుంది. ప్రొపెల్లరుకు గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు చుట్టుకొన్నప్పుడు తీయడానికి పడవ వెనుక ఒక మూత ఉంటుంది. చేయి పెట్టే ముందు ఇంజను ఆపి తాళంచెవి తీసి దగ్గర ఉంచుకోవాలి. పని అయ్యాక మూతను గట్టిగా బిగించాలి. వదులుగా వదిలేస్తే ఇంజను తిరగగానే ప్రొపెల్లరు నీటిని లోపలికి చిమ్మి పడవను ముంచగలదు.

పడవలో నీరు, విద్యుత్తు తరగనివి కావు. కొన్ని వందల లీటర్ల తొట్టిని గట్టు మీది కుళాయి వద్ద నింపుకొంటే, తిరిగి కుళాయి దొరికేదాకా అదే ఆధారం. మరుగుదొడ్డి మలినాన్ని కాలువలోకి వదలరాదు. దానిని పెట్టెలో నిలువచేసి నిర్ణీత కేంద్రాలలోనే పారబోయాలి. ఇంజను, సౌరఫలకాలు బ్యాటరీలను నింపుతాయి. సీసపు బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తే వాటి ఆయుష్షు తగ్గుతుంది. పైగా మజిలీలో ఆగినప్పుడు రాత్రి 8 గంటలనుంచి ఉదయం 8 గంటల వరకు ఇంజను నడపరాదు. కనుక పడవ గృహిణి అయినా గృహస్థు అయినా రేపటి దీపాన్ని ఈ పగలే సమకూర్చుకోవాలి.

చలిదేశం కావడంతో కట్టెలు, బొగ్గు మండించే పొయ్యి ప్రతి పడవలోనూ దాదాపు ఉంటుంది. ఇక్కడే అతి పెద్ద ప్రమాదం పొంచి ఉంది. గాలి చాలక ఇంధనం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో గట్టిగా కలిసి ప్రాణవాయువుకు చోటులేకుండా చేస్తుంది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే మరణిస్తారు. చలిగా ఉన్నదని గాలిరంధ్రాలకు గుడ్డలు కుక్కడం మృత్యువును పిలిచి కూర్చోబెట్టడమే. నివాసముండే గది ఉన్న పడవలలో ఈ విషవాయువును పసిగట్టి మోగే పరికరం 2019 ఏప్రిల్ 1నుంచి భద్రతా పరీక్షలో తప్పనిసరి అయింది. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. ఇంట్లో లీకైతే తలుపు సందులగుండా కొంతైనా బయటికి పోవచ్చు. పడవలో అయితే అడుగున నీటిలా చేరి నిప్పురవ్వకోసం కాచుకొని ఉంటుంది. అందుకే సిలిండర్లను విడిగా ఒక అరలో ఉంచి, ఆ అర అడుగునుంచి వాయువు బయటికి పోయే మార్గం ఏర్పరుస్తారు.

లాకులో దిగేటప్పుడు తొందర పనికిరాదు. ఎగువ తలుపుల కింద రాతిగడప ఒకటి నీటిలో దాగి ఉంటుంది. నీరు తగ్గుతుండగా పడవ వెనుకభాగం ఆ గడపమీద చిక్కుకొంటే ముందుభాగం దిగిపోయి, పడవ ఒరిగి నిమిషాలలో మునిగిపోతుంది. గడప హద్దును లాకు గోడమీద తెల్లగీతతో సూచిస్తారు. పడవను ఆ గీతకు ముందే ఉంచాలి. ఒకవేళ చిక్కుకొంటే వెంటనే దిగువ తూములు మూయాలి. తరువాత ఎగువ తూములను మెల్లగా తెరిచి నీటిని తిరిగి నింపాలి. తూముల వద్ద ఉన్నవారి చూపు పడవమీదనుంచి కదలరాదు.

శీతకాలంలో నీరు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా చూడాలి. కొన్నాళ్లు పడవ విడిచి వెళ్లేవారు గొట్టాలలోని నీటిని పూర్తిగా తీసివేయాలి. డీజిలు తొట్టిని నిండుగా ఉంచితే లోపల తేమ చేరడానికి చోటుండదు. మంచుపలకలను చీల్చుకొంటూ పోతే తన పడవ పూతే కాక పక్క పడవల పూత కూడా చెక్కుకుపోతుంది.

కాలువమీద గరిష్ఠవేగం గంటకు 4 మైళ్లు; అది మనిషి చురుకైన నడక. అంతకు మించితే లేచే అలలు గట్లను కోస్తాయి. కట్టి ఉన్న పడవల పక్కనుంచి మరింత నెమ్మదిగా వెళ్లకపోతే వాటి మేకులు ఊడిపోతాయి. ఆ పడవలోని పొయ్యిమీది గిన్నె ఒలుకుతుంది. కాలువ అందరిది కాబట్టి అక్కడ మర్యాద కూడా భద్రతలో భాగమే.

పడవ మనిషికి కదిలే స్వేచ్ఛనిస్తుంది. ఆ స్వేచ్ఛకు వెల డబ్బు ఒక్కటే కాదు. తిప్పిన పిడి, బిగించిన మూత, తెరిచి ఉంచిన గాలిరంధ్రం కూడా. ఎక్కడికైనా పోగల ఇల్లు కావాలనుకొన్నవాడు ఏ పనినీ రేపటికి వాయిదా వేయలేడు. మన ఇళ్లలోనూ ఇవే నీరు, నిప్పు, విద్యుత్తు ఉన్నాయి. వాటి విలువను గోడలు మననుంచి దాచిపెడతాయి, పడవ దాచిపెట్టదు.

అర్థాలు

జాగరూకత = మెలకువ, అప్రమత్తత
స్తోమత = ఆర్థిక శక్తి
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
తూము = నీటిని వదలడానికి, ఆపడానికి గల ద్వారం
క్షీణించు = తగ్గిపోవు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కాలువ పడవలో నివసించేవారు తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. పడవ ఎందరికో ఇల్లుగా మారిన చారిత్రక కారణాలను తెలియజేయండి.

II. సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. మెగ్నీషియం దిమ్మలు ఉక్కును ఎట్లా కాపాడతాయి?
2. లాకులో గడపవల్ల కలిగే ప్రమాదమేమిటి?
3. గాలిరంధ్రాలను మూయకూడదని ఎందుకు చెబుతారు?